ఒడిశా గజపతి జిల్లా, కాశీనగర్ బ్లాకు, మన ఊరి తెలుగు ప్రాథమిక పాఠశాల: యాజమాన్య కమిటీ వార్షిక నివేదిక, 2024–25

సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు, ఊరి పెద్దలకు కమిటీ తరఫున నమస్కారం.

ముందు ఒక అంకె చెప్తాం. 54. మార్చి నెలాఖరుకి మన బడి రిజిస్టరులో ఉన్న పిల్లలు ఇంతమంది. పోయినేడు ఇదే సమయానికి 47 మంది. ఏడుగురు పెరిగారు. ఇంకో ఏడుగురు కావాలి. ఎందుకో ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలియాలి కాబట్టి మళ్ళీ రాస్తున్నాం. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది వరకు ఇద్దరు టీచర్లు. అరవై ఒకటో పిల్ల చేరిన రోజున మూడో టీచరుని అడిగే హక్కు మనకు వస్తుంది. ఇప్పుడు అయిదు తరగతులని ఇద్దరే చూస్తున్నారు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే, అదే గదిలో వెనక కూర్చున్న మూడో తరగతి పిల్లలు లెక్క చేసేసి ఊరకే కూర్చుంటున్నారు. ఇద్దరు మాస్టార్లూ చెయ్యగలిగినంతా చేస్తున్నారు. మనిషి రెండు చోట్ల ఉండలేడు కదా.

అందుకే ఈ ఏడు కమిటీ చేసిన పనుల్లో మొదటిది ఇల్లిల్లూ తిరగడం. మన కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళే ఉండాలని చట్టం పెట్టింది మంచికే. ఇంటి గుమ్మం ముందు ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పుకునే మాట, మీటింగులో మైకు పట్టుకుని చెప్తే రాదు. పిల్లల్ని ఎందుకు పంపడం లేదని అడిగితే ఎక్కువ ఇళ్ళలో ఒకటే జవాబు. ఒక అమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాం: "అయిదు అయ్యాక ఎలాగూ ఒడియా బడికే ఎల్లాలి కదమ్మా. అప్పుడు మా గుంటకి తల తిరిగిపోద్ది. మొదట్నుంచీ అందులోనే ఏస్తే పోలా?"

ఈ భయం అబద్ధం కాదు. మన బడిలో అయిదో తరగతి పాసై ఒడియా బడికి వెళ్ళిన పిల్లల్లో కొందరు మొదటి మూడు నెలలు నోరు విప్పలేదు. ఒకరిద్దరు బడే మానేశారు. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మాతృభాష గొప్పదనం చెప్పి వచ్చేవాళ్ళం. రాజ్యాంగంలో 350ఎ అధికరణ ఉందనీ, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో సొంత భాషలో చదువు చెప్పించే వసతి కల్పించాలని 1956లోనే అందులో రాశారనీ చెప్పేవాళ్ళం. అవన్నీ నిజాలే. అధికారుల దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం మన చేతిలో ఉండాల్సిందే. కానీ గుమ్మంలో నిలబడి అడిగిన తల్లికి అది జవాబు కాదు. ఆమె అడుగుతున్నది తన పిల్ల ఆరో తరగతిలో ఏడవకుండా ఉంటుందా అని. జవాబు బడిలో కనిపించాలి.

తెలుగు, ఒడియా – రెండూ

అందుకని జూలై సమావేశంలో టీచర్లతో కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నాం. తెలుగు చదవడం ఒకటి, రెండు తరగతుల్లోనే గట్టిపడాలి. ఒడియా రెండో తరగతి నుంచి మాటలతో మొదలవ్వాలి, మూడులో అక్షరాలతో. ఇంతకు ముందూ ఒడియా పాఠం ఉండేది గానీ, బోర్డు మీద చూసి కాపీ రాయించడంతోనే అయిపోయేది. చేతికి రాత వచ్చేది, నోటికి మాట వచ్చేది కాదు.

ఈ ఏడు మనకు బదిలీ మీద వచ్చిన ఒడియా మాస్టారికి తెలుగు రాదు. మొదట్లో అందరం టెన్షన్ పడ్డాం, మాట రాని మాస్టారుని మన బడికి వేశారేమిటని. ఆయన వచ్చిన రెండో వారం నుంచే ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని తెలుగు దిద్దడం మొదలుపెట్టారు. "నేను ఒకటి నేర్చుకుంటాను, మీరు నాకొకటి చెప్పండి, మీకు నేనొకటి చెప్తాను" అన్నది ఆయన పద్ధతి. పిల్లలకు అదే పట్టుకుంది. మాస్టారు 'చ'ని 'వ' అని చదివితే సరిచేసే పిల్లలు, తాము తప్పు చదివినప్పుడు సిగ్గుపడటం మానేశారు.

రెండు లిపులనీ పక్కపక్కన పెట్టి నేర్పడం వల్ల మాకూ తెలియనివి కొన్ని తెలిశాయి. రెండింటివీ గుండ్రటి అక్షరాలే. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని ఇలా గుండ్రంగా తిప్పారని పెద్దలు చెప్తారు. తెలుగు అక్షరం నెత్తిన తలకట్టు ఉంటే, ఒడియా అక్షరం నెత్తిన గొడుగులాంటి వంపు ఉంటుంది. ఆ గొడుగు కింద ఉన్న చిన్న గీతని చూసి అక్షరం గుర్తు పట్టాలని చెప్పాక పిల్లలకు సులువైంది. ఒడియా 'ఠ' అచ్చం సున్నలాగే ఉంటుంది. పిల్లలందరూ దాన్ని సున్న అనే చదివారు. హిందీ వార్తల్లో వినిపించని 'ళ' ఒడియాలో ఉంది, మన నోటికి అది కొత్త కాదు. మనకున్న ఎ–ఏ, ఒ–ఓ తేడా వాళ్ళ రాతలో లేదు, కాబట్టి మన పిల్లలు నేర్చుకోవాల్సిన గుర్తులు తక్కువే. అన్నిటికంటే పెద్ద సాయం ఇంకొకటి. ఇల్లు 'ఘరొ', అన్నం 'భాతొ', పువ్వు 'ఫులొ'. మన మాటల్లాగే వాళ్ళ మాటలూ అచ్చు మీదే ఆగుతాయి. తెలుగు కూడబలుక్కుని చదవగలిగిన పిల్లకి ఒడియా చదవడం కొత్త చదువు కాదు. తెలుగే సరిగ్గా రాని పిల్లకి రెండూ బరువే. ఏడాది చూశాక మేము నమ్మకంగా చెప్పగలుగుతున్న మాట ఇది.

ఫలితం ఇంకా పూర్తిగా తేలలేదు. ఈసారి అయిదు ముగించిన తొమ్మిది మందిలో ఆరుగురు ఒడియా పాఠాన్ని తడుముకోకుండా చదివి, అర్థం చెప్పారు. ముగ్గురికి ఇంకా సాయం కావాలి. ఆ ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి మాట్లాడాం. వేసవి సెలవుల్లో సాయంత్రాలు ఒక గంట కూర్చోబెడతానని ఇంటర్ చదువుతున్న మన ఊరి అమ్మాయి ఒప్పుకుంది.

శనివారం చదువు

మూడో తరగతి ముగిసేసరికి పిల్ల నిమిషానికి కనీసం అరవై మాటలు అర్థమయ్యేలా చదవాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం పెట్టింది. టీచర్లు ఈ కొలత చెప్పినప్పుడు కమిటీలో కొంచెం వాదన జరిగింది. ఇంగ్లీషులో అరవై మాటలు వేరు, తెలుగులో అరవై మాటలు వేరు. 'వెళ్ళిపోయినవాళ్ళందరికీ' అన్నది మనకు ఒక్క మాటే. దాన్ని విడదీస్తే ఇంగ్లీషులో అయిదారు మాటలవుతాయి. కాబట్టి అంకె వెనక పరుగెత్తవద్దనీ, నిమిషం చదివించాక పుస్తకం మూసి "ఏం చదివావో చెప్పు" అని అడగడం ముఖ్యమనీ తీర్మానించాం.

దీనికోసం ప్రతి శనివారం ఒక వీధి తల్లులు బడికి వచ్చి ఒక్కో పిల్ల చదువుతుంటే వింటున్నారు. మాకు చదువు రాదు, మేమొచ్చి ఏం చేస్తాం అన్నవాళ్ళు మొదట చాలామంది. రెండు మూడు వారాలు వచ్చాక వాళ్ళకే తెలిసింది: చదువు రాకపోయినా, పిల్ల ఎక్కడ ఆగిందో, ఎక్కడ గబగబా దాటేసిందో చెవికి తెలుస్తుంది. కథ తిరిగి చెప్పమంటే సరిగ్గా చెప్పిందో లేదో ఇంకా బాగా తెలుస్తుంది. ఒక నాయనమ్మ మనవరాలితో పాటు పక్కింటి పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టుకుని వింటోంది, ఇప్పటి వరకు ఒక్క శనివారం తప్పలేదు. ఆమెకి కమిటీ ప్రత్యేకంగా చేతులెత్తి దండం పెడుతోంది.

మన బడిలో సవర గిరిజనుల ఇళ్ళ పిల్లలు అయిదుగురున్నారు. వాళ్ళకు తెలుగూ ఒడియా రెండూ ఇంటి భాషలు కావు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకున్నప్పుడు ఈ సంగతే మనసులో మెదిలింది. ఆ రోజు మనం తలుచుకునే గిడుగు రామమూర్తి పంతులు గారు మన పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. తెలుగులో వాడుక భాష కోసం పోరాడినాయన అంతకు ముందే సవరల మధ్య తిరిగి, వాళ్ళ భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు తయారు చేశారు. ఆయన పేరు చెప్పుకునే బడిలో సవర పిల్లలు మూలన కూర్చుంటే మనకే తప్పు. అప్పటి నుంచి ఒక సవర ఇంటి తల్లి వారంలో ఒక రోజు వచ్చి సవరలో కథ చెప్తోంది. తెలుగు పిల్లలు కూడా నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

మిగతా పనులు

తెలుగు పాఠ్యపుస్తకాలు ఈసారి కూడా ఆలస్యంగానే వచ్చాయి, రెండు తరగతులకు పూర్తిగా రానేలేదు. పోయినేటి పిల్లల దగ్గర పాతవి సేకరించి అట్టలు వేసి పంచాం. నది అవతల చుట్టాలున్నవాళ్ళు ఆంధ్ర పుస్తకాలు కొన్ని తెచ్చారు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలవి. పిల్లలకు నచ్చాయి గానీ పాఠాలు మన సిలబస్ కావు. చదవడానికి మాత్రమే వాడుతున్నాం. పుస్తకాల కోసం రాసిన దరఖాస్తుల నకళ్ళు ఫైల్లో ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చు.

మధ్యాహ్న భోజనం గురించి ఒక తప్పు ఒప్పుకోవాలి. వానాకాలానికి ముందు బడి గోడలకు రంగు వేయించాం, స్టోరు గది పైకప్పు సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాం. దసరా ముందు వానలకి ఆ గది కారి రెండు బియ్యం బస్తాలు తడిసిపోయాయి. ప్రాథమిక బడిలో పిల్లకి రోజుకి నూరు గ్రాముల బియ్యం లెక్క. యాభై మంది తింటే రోజుకి అయిదు కిలోలు, యాభై కిలోల బస్తా పది రోజులొస్తుంది. అంటే ఇరవై రోజుల పిల్లల బువ్వ మన నిర్ణయం వల్ల పాడైంది. ఊళ్ళో పది ఇళ్ళ వాళ్ళు బియ్యం ఇచ్చి ఆ లోటు పూడ్చారు. ఒక్క పూట కూడా పొయ్యి ఆగలేదు. పైకప్పు ఇప్పుడు బాగు చేయించాం. బస్తాలు నేల మీద కాకుండా చెక్కబల్ల మీద పెడుతున్నాం. పప్పు, కూరగాయలు కలిపి వండే దాల్మా చేసే రోజుల్లో మన పెరటి మునక్కాడలు, గుమ్మడికాయ ఇస్తున్న ఇళ్ళకు వంట అక్కలు కృతజ్ఞతలు చెప్పమన్నారు.

ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు, గొళ్ళెం పెట్టించాం. నీళ్ళ ట్యాంకు కడిగించాం.

ఖర్చుల వివరాలు బడి నోటీసు బోర్డు మీద అంటించాం, రసీదులు పంచాయతీ మీటింగులో అందరి ముందూ తిప్పి చూపిస్తాం. ముప్పై మంది దాటి నూరు లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్షా పథకం కింద ఏడాదికి పాతిక వేల రూపాయల గ్రాంటు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే వాడాలి. పిల్లలు ముప్పైకి తగ్గితే గ్రాంటు కూడా తగ్గుతుందని గుర్తు పెట్టుకోవాలి.

పంటలయ్యాక పనులకు విశాఖ, హైదరాబాదు వెళ్ళే కుటుంబాలు ఈ ఏడు కూడా ఉన్నాయి. వాళ్ళ పిల్లల్లో నలుగురు అమ్మమ్మల, నాయనమ్మల దగ్గర ఉండి చదువు ఆపకుండా కొనసాగించారు. ఇద్దరు తల్లిదండ్రులతో వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు రిజిస్టరులో కొట్టేయలేదు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఇద్దర్నీ బడికి తీసుకొచ్చి, రెండు వారాలు కూర్చోబెట్టి పంపాం. ఈసారి వెళ్ళబోయే కుటుంబాలు ముందుగా కమిటీకి చెప్తే, పిల్లలు ఎవరింట్లో ఉండాలో కలిసి చూసుకుందాం.

ఏప్రిల్ నుంచి పొద్దుటి బడి. ఒకటో తరగతి చేరికలు అప్పుడే మొదలు. మీ వీధిలో బడి ఈడు పిల్ల ఎవరింట్లో ఉన్నా ఈ నెలలోనే చెప్పండి, మేమే ఇంటికి వస్తాం. శనివారం చదువు సెలవుల తర్వాత మళ్ళీ మొదలవుతుంది. మొదటి వారం వంతు చెరువుగట్టు వీధి తల్లులది, రెండో వారం రామమందిరం వీధిది. వచ్చేటప్పుడు నిమిషం చూసుకోవడానికి చేతి గడియారమో, ఫోనో తెచ్చుకోండి.

మీ బడి యాజమాన్య కమిటీ