సిడ్నీయా, మెల్‌బోర్నా: కొలిచే తీరు సరిచేసుకోవాలి

సంపాదకులు గారికి,

ఆస్ట్రేలియాలోని సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ప్రపంచానికి బాగా తెలిసిన నగరమేదో తేల్చడానికి చాలామంది, గూగుల్‌లో జనం దేన్ని ఎంతగా వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్ గీతలు చూపిస్తారు. ఊరి పేరును ఉత్త పదంగా టైప్ చేస్తే సిడ్నీ అనే పేరున్న మనుషుల కోసం, ఫ్లోరిడాలోని మెల్‌బోర్న్ కోసం వెతికినవి కూడా లెక్కలో కలిసిపోతాయి. కింద వచ్చే సూచనల్లో నగరం అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. వ్యవధి కనీసం 5 ఏళ్లు ఉండాలి. ఒక్క జనవరినే తీసుకుంటే ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ మెల్‌బోర్న్‌ను పైకి లేపుతుంది. ఆస్ట్రేలియాను పక్కనపెట్టి దేశాలవారీగా చూడటం మరీ ముఖ్యం. అక్కడివాళ్లు వెతికేది వాతావరణం, రైళ్ల వేళలు. అది ఖ్యాతి కాదు, అవసరం. ఇక 0 నుంచి 100 వరకు కనిపించే అంకెలు మనుషుల సంఖ్య కావు, గరిష్ఠాన్ని 100గా పెట్టుకుని లెక్కించిన వాటాలు. చైనాలో గూగుల్ సేవలు లేవు కాబట్టి అంత పెద్ద దేశం ఈ లెక్కకు దాదాపు అందదు.

మా అంచనాలో సిడ్నీదే పైచేయి. 1927 వరకు ఆస్ట్రేలియా ఫెడరల్ పార్లమెంటు కొలువున్నది మెల్‌బోర్న్‌లోనే, 1956లోనే ఒలింపిక్స్ జరిగిందీ అక్కడే. అయినా సిడ్నీలో 1973లో ప్రారంభమైన ఒపేరా హౌస్‌లా పేరు చెప్పకుండానే, బొమ్మ చూడగానే గుర్తుపట్టే కట్టడం మెల్‌బోర్న్‌కు లేదు.

— ఇద్దరు భూగోళశాస్త్ర అధ్యాపకులు