వద్దు, ఆగు అన్నవాళ్లందరికీ థ్యాంక్స్

తెనాలి స్టూడియో ఫోటోల డిస్కు విషయంలో సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. పేర్లు రాయొద్దని కొందరు ముందే చెప్పారు కాబట్టి ఊరుతోనో చేసే పనితోనో గుర్తు చెప్తాను, ఎవరికి వాళ్లకి అర్థమైపోతుంది. ముందు అసలు సంగతి: డిస్కు పోయింది కానీ ఫోటోలు దాదాపు అన్నీ బయటికొచ్చాయి, ఇప్పుడు మూడు కాపీలు ఉన్నాయి, పెదనాన్న మళ్లీ మధ్యాహ్నం నిద్రపోతున్నారు.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. మా పెదనాన్నకి తెనాలిలో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు, స్కూలు గ్రూపు ఫోటోలు అన్ని స్టూడియోల్లోలాగే, పైగా తెనాలి కాబట్టి నాటకాలవాళ్లు. కిరీటాలతో, మీసాలతో సహా వచ్చి ఫోటో దిగి వెళ్లేవాళ్లట. ఆ నెగెటివ్‌లు చాలావరకు 120 ఫిల్మ్, 6x6 సెంటీమీటర్ల సైజు. పాతవాటిలో కొన్ని అసిటేట్ ఫిల్మ్, పెట్టె తెరిస్తే వెనిగర్ వాసన. ఆ వాసన మొదలైందంటే ఇక ఫిల్మ్ కుంచించుకుపోవడమే, మళ్లీ మామూలుగా అవ్వదు. అందుకని వీలున్నప్పుడల్లా స్కాన్ చేస్తూ వచ్చాం. 3200 డీపీఐలో, 16 బిట్ బ్లాక్ అండ్ వైట్‌లో చేస్తే ఒక్కో నెగెటివ్ దాదాపు 100 ఎంబీ టిఫ్ ఫైలు అవుతుంది. ఫైలు పేరు స్టూడియో రిజిస్టర్‌లోని నంబరే. ఆ నంబరు పట్టుకుని రిజిస్టర్ తిరగేస్తేనే ఆ కృష్ణుడు ఎవరో, ఆ దుర్యోధనుడు ఏ ఊరివాడో తెలుస్తుంది. ఇవీ, మా ఇంటి డిజిటల్ ఫోటోలూ కలిపి 3 టీబీ దాకా, నాలుగైదు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉండేవి. వాటిలో స్కాన్లు ఎక్కువున్న డిస్కే మొరాయించింది. ఒక ఫోల్డర్ తెరవాలంటే కాఫీ పెట్టుకుని తాగి రావాల్సిందే. కొన్ని ఫైళ్లయితే అసలు తెరుచుకోవడం లేదు.

సాయం అడిగితే ఇది కొను, అది ఇన్‌స్టాల్ చెయ్ అని బోలెడు సలహాలు వస్తాయి, తప్పులేదు, మంచి మనసుతోనే చెప్తారు. కానీ మమ్మల్ని ఒడ్డున పడేసినవి వద్దు, ఆగు అన్న మాటలే.

అందరికంటే ముందు కూకట్‌పల్లిలో హార్డ్‌వేర్ సర్వీసు చేసే అన్నకి. డిస్కు పెట్టగానే విండోస్ ఈ డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేసి సరిచేయనా అని అడుగుతోంది, సరే అనేద్దామా అని నేను అడిగితే ఆయన రాసిన మొదటి మాట "వద్దు". రెండో మాట "పీకెయ్ తల్లీ, ముందు ఆ డిస్కు పీకెయ్". విండోస్ చేస్తానన్న ఆ రిపేరు పేరు చెక్‌డిస్క్, అది ఫైల్ సిస్టమ్‌ని (ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో రాసుకునే పట్టికని) దారికి తేవడానికి ఉన్నది, ఫోటోలు కాపాడడానికి కాదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద దాన్ని వదిలితే చదవలేకపోయిన ఎంట్రీలని పాడైనవిగా లెక్కేసి తీసేస్తుంది, పైగా డిస్కుని ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెత్తిస్తుంది. ముందు కేబుల్ మార్చి చూడమన్నారు, హబ్ లేకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టమన్నారు (పోర్టబుల్ డిస్కుల వెడల్పాటి యూఎస్‌బీ పిన్ను వదులైపోయి ఇలాంటి వేషాలు చాలా వేస్తుందట). మార్చినా అదే తంతు. అప్పుడు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి స్మార్ట్ రీడింగ్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క) ఫోటో తీసి పంపమన్నారు. సీ5 వరుసలో, అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల (డిస్కులోని చిన్న చిన్న గడుల) లెక్కలో, సున్నా ఉండాల్సిన చోట పెద్ద అంకె ఉంది.

ఇంకో మాట కూడా ఆయనే అడిగారు, చెవి పెట్టి విను, టక్ టక్ అని కొట్టుకుంటోందా అని. కొట్టుకుంటుంటే ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకూడదు, కరెంటు కూడా ఇవ్వకుండా ల్యాబ్‌కి పంపాల్సిందే. మాదానికి ఆ శబ్దం లేదు. ఈలోగా మా బంధువు ఒకాయన ఒక రికవరీ షాపులో చూపిస్తే వాళ్లు డిస్కు సరిగ్గా చూడకముందే విప్పాలి అన్నారు, చెప్పిన రేటుకి మంచి కెమెరా లెన్స్ వస్తుంది. విప్పొద్దు, వెనక్కి తెచ్చుకోండి అన్నదీ కూకట్‌పల్లి అన్నే.

తర్వాత బెంగళూరులో సర్వర్లు చూసుకునే అబ్బాయి. వయసులో నాకంటే చిన్నవాడే కానీ ఓపికలో మా నాయనమ్మతో సమానం. నేను అప్పటికి ఫోటోరెక్ గురించి చదివి అది నడుపుదామని కూర్చున్నా. అది మంచి ప్రోగ్రామే, ఉచితమే, ఫైల్ సిస్టమ్ మొత్తం పోయినా ఫైళ్ల ఆనవాళ్లు పట్టి బయటికి లాగుతుంది. "అక్కా, దాంతో ఫోటోలు వస్తాయి, పేర్లు రావు" అన్నాడు. నిజమే, అది ఫైళ్లన్నిటికీ తన సొంత నంబర్లు పెట్టేస్తుంది, ఫోల్డర్లు ఉండవు. మాకేమో పేర్లే ప్రాణం. రిజిస్టర్ నంబర్ పోయిన కృష్ణుడు ఎవరికీ ఏమీ కాని కృష్ణుడు.

దాని బదులు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడమన్నాడు. పెన్‌డ్రైవ్‌లో విండోస్ బదులు లినక్స్ పెట్టి దాంతో ల్యాప్‌టాప్ స్టార్ట్ చేసి, చెడ్డ డిస్కు మొత్తాన్ని సెక్టారు సెక్టారుగా కొత్త డిస్కులోకి తీసుకోవడం. కొత్తది పాతదాని సైజైనా ఉండాలి, పెద్దదైతే ఇంకా నయం. దీని గొప్పతనమంతా అది పనిచేసే వరుసలో ఉంది. మొదట సులువుగా చదవగలిగిన భాగాలన్నీ లాగేసుకుంటుంది, మొండికేసిన చోట ఆగకుండా దాటేస్తుంది, అంతా అయ్యాక వెనక్కి వచ్చి ఆ మొండి చోట్లని కొంచెం కొంచెంగా గీరుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటూ ఉంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా, డిస్కు వేడెక్కిందని మనమే ఆపినా, మళ్లీ అక్కడి నుంచే. మా వీధిలో కరెంటు సంగతి తెలిసినవాళ్లకి ఇదెంత పెద్ద వరమో తెలుస్తుంది.

కమాండ్ టైప్ చేసి ఎంటర్ కొట్టబోతుంటే కూడా ఆగమన్నాడు. దేని నుంచి, దేనిలోకి అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వెళ్లి ఫోటోల మీద పడుతుంది. రెండు డిస్కుల సీరియల్ నంబర్లు స్టిక్కర్ మీద చదివించి, తెర మీద చదివించి, రెండూ కలిశాకే సరే అన్నాడు.

చివరికి చదవలేని ముక్కలు కొన్ని మిగిలాయి. అవి ఏ ఫైళ్లలో ఉన్నాయో ఎలా తెలియాలి? దానికి కూడా అతని దగ్గర కిటుకు ఉంది. డీడీరెస్క్యూలోనే ఫిల్ మోడ్ అని ఉంది, కొత్త కాపీలో ఆ చదవలేని చోట్లన్నీ మనం ఇచ్చిన ఒక గుర్తు మాటతో నింపేస్తుంది. ఆ తర్వాత ఆ మాట ఏ ఫైళ్లలో దొరుకుతుందో వెతికితే దెబ్బతిన్న ఫోటోల జాబితా చేతికొస్తుంది. ఇది చూసి మాత్రం నేను లేచి చప్పట్లు కొట్టాను. జాబితా పట్టుకుని పెదనాన్న అటక మీద పెట్టెలోంచి ఆ నెగెటివ్‌లు తీశారు, వాటిలో చాలావాటిని మళ్లీ స్కాన్ చేసేశాం.

డూప్లికేట్ల దగ్గర ఆపిన హన్మకొండ మాస్టారికి ప్రత్యేకంగా. నాలుగైదు డిస్కుల్లో ఉన్నదంతా ఒక చోటికి చేర్చాక సగం రిపీట్లే కనిపించాయి, ఒకే పేరున్నవన్నీ తీసేద్దామని నా ఆత్రం. కెమెరాలు 9999 దాకా లెక్కపెట్టి మళ్లీ 0001 నుంచి మొదలుపెడతాయి, ఒకే పేరుతో రెండు వేరే వేరే పెళ్లిళ్లు ఉంటాయి, పేరు చూసి తీయొద్దు అన్నారు మాస్టారు. వాట్సాప్‌లో తిరిగొచ్చిన చిన్న కాపీ ఒకటి, అసలు ఫోటో ఒకటి ఉంటే కంటికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కంటితో చూసి కూడా తీయొద్దన్నారు. ఫైలు లోపలున్నది అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితేనే డూప్లికేట్. చ్కావ్కా (Czkawka) అని నోరు తిరగని పేరున్న ఉచిత ప్రోగ్రామ్ హ్యాష్ (ఫైలు లోపలున్నదాన్ని బట్టి వచ్చే వేలిముద్ర లాంటి అంకె) లెక్కేసి అలాంటివి పట్టిస్తుంది. పట్టిచ్చినవాటిని కూడా డిలీట్ చేయకుండా "చూడాలి" అనే ఫోల్డర్‌లోకి జరిపి ఉంచాం. స్థలం వృథా అనేవాళ్లు అననీ, స్థలం కొనుక్కోవచ్చు.

ఇక రోజువారీ బ్యాకప్. ఇది న్యూజెర్సీ అక్క పుణ్యం, అర్ధరాత్రుళ్లు కూర్చుని మరీ చూపించింది. రెండు డిస్కుల్ని పోల్చి కాపీ చేసే ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్ పెట్టుకున్నాం. అందులో మిర్రర్ అనే బటన్ ఉంది, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. దాని అర్థం ఎడమ పక్క (అసలు డిస్కులో) లేనిది కుడి పక్క (బ్యాకప్‌లో) కూడా ఉండకూడదని. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ అయితే బ్యాకప్‌లో కూడా డిలీట్ అయిపోతుంది, అంతకన్నా ఘోరం, ఎడమ పక్క ఖాళీ డిస్కు పెడితే కుడి పక్క సర్వం సున్నా. విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ అనే కాపీ కమాండ్‌లో మిర్ ఆప్షన్ కూడా అంతే. అందుకని అక్క పెట్టిన పద్ధతి: ముందు కంపేర్ కొట్టి డిలీట్ అయ్యేవి ఎన్నో చూడ్డం, అనుకున్నదానికంటే ఎక్కువ కనిపిస్తే ఆపేయడం, తీసేసినవి కూడా నిజంగా పోకుండా వర్షనింగ్ పెట్టి వేరే ఫోల్డర్‌లో దాచడం. విండోస్‌లో ఈ, ఎఫ్ అనే డ్రైవ్ అక్షరాలు మారిపోతుంటాయి, వాటిని నమ్మొద్దని డిస్కులకి పేర్లు కూడా పెట్టించింది. ఎర్రది, పచ్చది, నీలంది. లేబుల్ అదే, పైన అంటించిన టేపు రంగూ అదే. పెదనాన్నకి కూడా అర్థమవుతుంది.

పెదనాన్న ఒక ప్రశ్న వేశారు, "నెగెటివ్ అయితే వెలుతురుకి ఎత్తి చూస్తే బాగుందో లేదో తెలిసేది, దీన్ని దేనికి ఎత్తి చూడాలి?" అని. అక్కకి ఈ ప్రశ్న తెగ నచ్చేసింది. సమాధానం ఫ్రీఫైల్‌సింక్‌లోనే ఉంది. తేదీ, సైజు కాకుండా ఫైల్ కంటెంట్‌తో పోల్చమంటే రెండు డిస్కుల్లోని ప్రతి ఫైలూ మొదటి నుంచి చివరిదాకా చదివి చూస్తుంది. 3 టీబీకి ఒక రాత్రి సరిపోదు, సరిపోకపోతే పోనీ, అప్పుడప్పుడూ చేసేదే కదా. ఈ మధ్యలో కొత్త డిస్కు మొదట బాగా పరిగెత్తి తర్వాత నత్తనడక నడిస్తే ఇదీ పోయిందని నేను టెన్షన్ పడ్డా. చిన్న సైజు పోర్టబుల్ డిస్కుల్లో చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం (డేటా వరుసల్ని ఒకదాని మీదకి ఒకటి కొంచెం ఎక్కించి రాసేవి), ఒకేసారి ఎక్కువ రాస్తే నెమ్మదిస్తాయి, జబ్బు కాదు అని కూకట్‌పల్లి అన్న మళ్లీ ధైర్యం చెప్పారు.

నాస్ బాక్సు (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) కొనబోతుంటే ఆపినవాళ్లకి కూడా. అందులో రెయిడ్ (ఒకే డేటాని రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే ఏర్పాటు) ఉంటే ఒక డిస్కు పోయినా పని ఆగదు, అంతే, డిలీట్ చేసిన ఫోటో రెండు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది. ఆ డబ్బుతో ఇంకో రెండు డిస్కులొచ్చాయి. గూగుల్ ఫోటోస్‌లో పెట్టేయొచ్చుగా అన్నవాళ్లకి: 2021 జూన్ 1 తర్వాత ఉచితం 15 జీబీయే, మా స్కాన్లు నూట యాభై పడితే నిండిపోతుంది, స్టోరేజ్ సేవర్ పెడితే 50 మెగాపిక్సెల్ బొమ్మని 16కి కుదిస్తుంది.

అన్నీ ఒకే బీరువాలో పెట్టొద్దన్న విజయవాడ సింగ్‌నగర్ బాబాయి గారి మాట మాత్రం వేరే. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట అనే 3-2-1 లెక్క పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చింది, నేనూ చదివాను, చదివి ఊరుకున్నాను. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు బాబాయి గారింట్లో డిస్కూ, దాని బ్యాకప్పూ బీరువా కింది అరలో పక్కపక్కనే ఉండి రెండూ కలిసే మునిగాయట. ఆయన ఆ మాట చెప్పిన వారంలోనే నీలం డిస్కు గుంటూరులో మా అక్క ఇంటికి వెళ్లిపోయింది. అక్కది మ్యాక్, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన) డిస్కుని అది చదువుతుంది కానీ రాయదు. రెండిట్లోనూ రాయడానికి కుదిరే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చేసుకోండి అన్నారు కొందరు, మేం మాత్రం అలాగే ఉంచాం, అక్కడ ఎవరూ ఏమీ రాయకపోవడమే మాకు కావాల్సింది. పాస్‌వర్డ్ కూడా పెట్టలేదు. నాటకాల ఫోటోలకి దొంగల కంటే పాస్‌వర్డ్ మర్చిపోయే మేమే ఎక్కువ ప్రమాదం.

రెండు రకాల మీడియా అన్న లెక్కకి మా దగ్గర సమాధానం ఏంటని మాస్టారు అడిగారు. నెగెటివ్‌లు లెక్కలోకి వస్తాయా అని అడిగితే "వాసన వచ్చేదాకా వస్తాయి" అన్నారు. దానికింకా ఏం చేయాలో తేల్చుకోవాలి, బ్లూరే వాడేవాళ్లుంటే చెప్పండి.

ఆ ఫిల్ మోడ్ కమాండ్, వెతికే కమాండ్ రెండూ నోట్‌ప్యాడ్‌లో దాచి పెట్టుకున్నా, కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తా. కాకపోతే ఎంటర్ కొట్టేముందు సీరియల్ నంబర్లు నాకు చదివి వినిపించాలి.