స్నానం తర్వాత దురదకు ఆయింట్‌మెంటే మందు కాదు

సంపాదకులకు నమస్కారాలు.

డిసెంబరు నెలలో మా అమ్మగారు పొద్దున్నే తలుపు తీసుకుని స్నానాల గదిలోంచి బయటకు వచ్చిన పది నిమిషాలకే పిక్కలు, నడుము గోక్కుంటూ కూర్చునేవారు. దగ్గరగా చూస్తే కాళ్ల మీద గోళ్ల గీతలు తెల్లగా తేలి, వాటి వెంట సన్నటి పొట్టు రాలుతూ ఉండేది. మధురవాడలో మందుల షాపుకు వెళ్తే చీటీ అడగకుండానే ఒక ఆయింట్‌మెంట్ చేతిలో పెట్టారు. అది బలమైన స్టెరాయిడ్ అని మూడు వారాల తర్వాత చర్మవైద్యురాలు చెబితే గానీ మాకు తెలియలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్‌లో చేర్చినా, అమ్మకం మాత్రం ఇలాగే సాగుతోంది. వీటిని అదే పనిగా రాస్తే చర్మం పలచబడుతుంది. ఉన్నది ఫంగస్ వల్ల వచ్చే తామరైతే పైకి తగ్గినట్టే కనిపించి లోలోపల పాకుతుంది.

నిజానికి అమ్మకు రోగమేమీ లేదు. వయసు మీద పడ్డాక చర్మంలో నూనె తగ్గుతుంది. ఆ కాస్త నూనెనూ గీజరులోంచి పొగలు కక్కే నీళ్లు, క్షారగుణం ఎక్కువైన సబ్బు కలిసి కడిగేస్తున్నాయి. దానికి తోడు మా అపార్ట్‌మెంటుకు వచ్చేవి బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి జిగురు తెట్టుగా మారి ఒంటిని అంటిపెట్టుకుంటాయి. నురగ సరిగా రాక ఇంకాస్త సబ్బు రుద్దుతాం, దురద ఇంకాస్త పెరుగుతుంది. ప్లంబరు గీజరు కాయిల్ బయటకు తీసినప్పుడు దాని చుట్టూ గవ్వలా గట్టిపడిన తెల్లటి సున్నం పొర చూశాకే, రోజూ ఒంటి మీద పోసుకుంటున్నది ఎలాంటి నీరో నాకు అర్థమైంది. తాగునీటిలో ఈ లవణాల వల్ల వచ్చే కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోతే మంచిదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి.

ఇప్పుడు అమ్మ గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగిస్తారు, సబ్బును చంకలకు, గజ్జలకు, పాదాలకే వాడతారు, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాసుకుంటారు. రెండు వారాల్లో నిద్ర పట్టింది. నలుగుపిండితో గట్టిగా రుద్దితే దురద పోతుందని చాలామంది అంటారు గానీ, పొడిబారిన చర్మానికి ఆ రాపిడి మంచిది కాదు.

అయితే ఒంటి మీద దద్దుర్లు గానీ చర్మం పొడిబారడం గానీ లేకుండా, నీళ్లు తగలగానే సూదులు గుచ్చినట్టు ఉంటే మాత్రం అశ్రద్ధ చేయకూడదు. అరుదుగానే అయినా అది ఎర్ర రక్తకణాలు మితిమీరి పెరిగే పాలిసైథీమియా వెరా అనే జబ్బుకు తొలి సూచన కావచ్చు, రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. మామూలు రక్తకణాల పరీక్షతోనే దీన్ని అనుమానించవచ్చు. ఇక ఇంటిల్లిపాదికీ రాత్రిపూట వేళ్ల సందుల్లో దురద పుడుతుంటే అది గజ్జి. దానికీ స్నానానికీ సంబంధం లేదు, అందరూ ఒకేసారి మందు వాడాలి.

బోరు నీటి మీద ఆధారపడిన అపార్ట్‌మెంట్ల సంఘాలు ఏడాదికి ఒకసారైనా నీటి కఠినత్వాన్ని పరీక్ష చేయించి ఫలితాన్ని లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో పెట్టాలని, చీటీ లేని స్టెరాయిడ్ అమ్మకాలపై ఔషధ నియంత్రణ అధికారులు మన నగరంలో తనిఖీలు జరపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మధురవాడ, విశాఖపట్నం.