బండి చూడ్డానికి వెళ్లే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన సెకండ్ హ్యాండ్ కార్ల ఫొటోలు చూశాం. మీ అమ్మకి తెల్లది నచ్చింది, అల్లుడుగారికి సన్‌రూఫ్ ఉన్నది నచ్చిందట. పాత బండికి ఏ మోడల్ అన్నది సగమే. ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఎలా తిరిగిందన్నదే అసలు సంగతి. అది ఫొటోల్లో తెలియదు.

ఆ తక్కువ రేటు క్రెటా మన విజయవాడ బండి కదా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో కార్లెలా మునిగాయో టీవీలో చూశావుగా. అలాంటివాటిని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్, అంటే బాగు చేయించడం దండగ అని తేల్చి వేలం వేస్తే, కొని కడిగి, సెంటు కొట్టి మళ్లీ అమ్మేవాళ్లుంటారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు. పైకి కనిపించే మూరెడే కడుగుతారు, లోపలి చుట్ట మీద బురద చార అలాగే ఉండిపోతుంది. సీటు కింద పట్టాలు తుప్పు పట్టాయేమో, స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉందేమో టార్చి వేసి చూడండి.

ఇన్సూరెన్స్ కాగితంలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు కూడా చూడు. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం ఇస్తారు. మొదటి ఓనరు దగ్గరే ఉన్న బండికి సున్నా ఉంటే ఎందుకో గట్టిగా అడగాలి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయించాలి, ముందే వేడెక్కించి ఉంచితే స్టార్టింగ్ లోపాలు బయటపడవు. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే, ఇచ్చిన టీ తాగేసి ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

మీ తిరుగుడంతా ఆఫీసు, స్కూలు. పెట్రోలే చూడండి. 2020 తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ బళ్లకి డీపీఎఫ్ అని పొగలోని మసిని పట్టుకునే ఫిల్టరు ఉంటుంది. హైవే మీద బాగా వేడెక్కితే ఆ మసి కాలిపోతుంది గానీ, ఊళ్లో చిన్న చిన్న దూరాలకి పూడుకుపోతుంది.

అల్లుడుగారు ఢిల్లీ బండి చవక అంటున్నారట. డీజిల్ బళ్లు పదేళ్లు దాటితే అక్కడ తిప్పనివ్వరన్న రూలుకి భయపడి అక్కడివాళ్లు వదిలించుకుంటూ వచ్చారు, నిజమే. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చి తెలంగాణలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఎంత మిగులుతుందో లెక్కేసుకోమను. ఏపీ బండికైనా ఇంతే.

మీ అత్తగారిని కూడా తీసుకెళ్లి ఒకసారి ఎక్కి దిగమనండి. ఆ మోకాళ్లతో ఆవిడ ఎక్కలేకపోతే, మిగతావన్నీ బాగున్నా ఆ బండి మీకొద్దు.

అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలు నాకు వాట్సాప్ చెయ్యి.

నాన్న