చలికాలం బైకు రైడ్లలో తిరుగు దారే గండం

సంపాదకులకు,

కార్తీకం దాటి చలి ముదిరిందంటే చాలు, హనుమకొండ, కాజీపేట, వరంగల్ పిల్లలు ఆదివారం పొద్దున్నే నాలుగైదు బండ్లు వేసుకొని పల్లె రోడ్లు ఎక్కుతారు. రామప్ప, లక్నవరం, పాకాల, ఓపిక ఉన్నవాళ్ళు కాళేశ్వరం. అందరి భయమూ పొద్దుటి మంచు మీదే. మంకీ క్యాపులు, మఫ్లర్లు, జాకెట్లు అన్నీ దానికే. బండ్లు బాగుచేసేవాళ్ళం, ఆ రోడ్ల మీద బండ్లు తోలేవాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. చలికాలం రైడ్‌ను బయలుదేరే టైము నుంచి కాదు, ఇల్లు చేరే టైము నుంచి వెనక్కి లెక్కేసుకోవాలన్నది మా మాట.

డిసెంబరు మొదటి వారంలో మన దగ్గర సాయంత్రం 5.40కే పొద్దు గూకుతుంది. సంక్రాంతికి ఆరుకు దగ్గర పడుతుంది. పైగా ఈ కాలంలో సూర్యుడు దిగేది సరిగ్గా పడమరన కాదు, నైరుతి వైపు జరిగి. ములుగు నుంచి మల్లంపల్లి, గూడెప్పాడ్, ఆత్మకూరు మీదుగా హనుమకొండకు వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి మొహం కూడా అటే. దాంతో నాలుగున్నర మొదలు పొద్దు మునిగేదాకా ఎండ సూటిగా కంట్లో కొడుతుంది. గీతలు పడ్డ వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) ఉంటే ఇక ముందు తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. ఎదుట బర్రె ఉందో, స్పీడ్ బ్రేకరుందో పది గజాల్లోకి వచ్చేదాకా తెలియదు. పాకాల పోయేవాళ్ళకు రెండు పూటలా ఇదే బాధ: పొద్దున నర్సంపేట వైపు తూర్పుకు పోతుంటే ఎండ ఎదురు, సాయంత్రం తిరిగి వస్తుంటే మళ్ళీ ఎదురు. కాళేశ్వరం నుంచి పరకాల మీదుగా వచ్చేవాళ్ళకు మాత్రం అది కుడి పక్కకు పడుతుంది కాబట్టి కాస్త నయం.

ఇంకో గుర్తు కూడా చెప్పాలి. మీ నీడ మీ ముందు బారెడు పొడుగు పరుచుకొని పోతోందంటే ఎండ మీ వీపు మీద ఉంది, మీకు అంతా బాగా కనిపిస్తుంది. కానీ ఎదురొచ్చే లారీ డ్రైవరుకు మీరు కనిపించరు. అప్పుడు హెడ్‌లైటు వెలుగుతున్నా పెద్ద తేడా ఉండదు. అతను మీ కోసం పక్కకు జరుగుతాడన్న ఆశ పెట్టుకోకుండా మీరే ఎడమకు జరిగి వేగం తగ్గించుకోవాలి.

లెక్క ఇట్లా వేసుకోవచ్చు. హనుమకొండ నుంచి రామప్ప సుమారు 70 కిలోమీటర్లు. ఐదు బండ్ల గుంపు టీకి, ఫోటోలకు ఆగుతూ గంటకు 40 కంటే ఎక్కువ సాగదు. అంటే గంటా నలభై ఐదు నిమిషాలు. ఎండ కంట్లో పడకముందే ఇల్లు చేరాలంటే రెండున్నరకు రామప్ప గుడి ఉన్న పాలంపేట వదలాలి. లక్నవరం అయితే రెండుకే. గుడిని తీరిగ్గా చూడాలనుకునేవాళ్ళు రామప్ప ఒక్కటే పెట్టుకోండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, అరగంటలో చుట్టేసి లక్నవరం ఉరికేంత చిన్న సంగతి కాదు. బొగత మాటకొస్తే, పోను 140 కిలోమీటర్లు, రాను 140. చలికాలానికి జలపాతంలో నీళ్ళు కూడా సన్నబడతాయి. దాన్ని వానల తర్వాతకు వదిలేయడం మంచిది. రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర దగ్గర పడితే ఆ వారాల్లో ములుగు దారి పేరే ఎత్తొద్దు.

పొద్దున ఆరింటికే కదలకపోతే అది రైడ్ కాదన్న పట్టింపు ఎవరు పెట్టారో గానీ, దాని వల్ల లాభమేమీ లేదు. జనవరిలో తెల్లారేదే ఆరూ ముప్పావుకు. చెరువు కట్టల కింద, నాట్లకు నీళ్ళు పెట్టిన మడుల పక్కన మంచు ఎనిమిదింటి వరకూ కదలదు. ఏడున్నరకు బయలుదేరితే పోయేదేమీ లేదు. మంచులో చిక్కుకుంటే డిమ్‌లోనే పోవాలి. అప్పర్ వేస్తే వెలుగంతా తిరిగి మన కళ్ళలోనే పడుతుంది. వైజర్ లోపల ఆవిరి పట్టేది మన ఊపిరితోనే, మూతికి గుడ్డ కడితే ఇంకా ఎక్కువ పడుతుంది. ముందురోజు రాత్రి వైజర్ లోపలి వైపు చుక్క షాంపూ రాసి, నీళ్ళు తగలకుండా పొడి గుడ్డతో మెరిసేదాకా తుడిస్తే రెండు మూడు గంటలు ఆవిరి నిలవదు. దారిలో ఒక్క మెట్టు వైజర్ ఎత్తి ఉంచినా పని జరుగుతుంది. నల్ల వైజర్ పెట్టుకొని పోయేవాళ్ళు తెల్లది బ్యాగులో వేసుకోవాలి. ఐదు దాటాక నల్లదానితో తోలడం కళ్ళకు గంతలు కట్టుకున్నట్టే.

ఇక వడ్లు. వానాకాలం పంట చేతికొచ్చాక డిసెంబరు దాకా మన రోడ్లలో సగం కల్లాలే. రైతును తప్పుబట్టలేం. తేమ తగ్గనిదే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు, ఊళ్ళో కల్లానికి జాగా లేదు, తారు రోడ్డు మీద ఆరినంత తొందరగా ఇంకెక్కడా ఆరవు. కానీ బండి తోలేవాడికి వడ్లంటే టైరు కింద గుండ్రటి గోళీలు. పలచగా పరిచిన చోటే ఎక్కువ జారుతుంది. ఏబీఎస్ ఉందని ధీమా పడకండి. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది గానీ లేని పట్టును పుట్టించలేదు. వడ్లు కనబడగానే, వాటి మీదకు చేరకముందే, బ్రేకు వేసి 20కి దించుకోవాలి. ఎక్కిన తర్వాత బండిని నిటారుగా ఉంచి, ఎక్సలేటరు కదపకుండా, ఏ బ్రేకూ తాకకుండా సాఫీగా దాటాలి. మధ్యలో పక్కకు కోయడం, ముందు బ్రేకు నొక్కడం, ఈ రెండే పడేస్తాయి. ఒక వైపు వడ్లుంటే ఎదురొచ్చే ట్రాక్టరు మన వైపుకు వస్తుందని ముందే అనుకోవాలి.

రాత్రయితే వడ్ల కంటే వాటి చుట్టూ పెట్టిన రాళ్ళే ప్రమాదం. కుప్ప మీద నల్ల పరదా, అంచుల్లో బండరాళ్ళు, వెలుగు లేదు. పరదా నలుపూ తారు నలుపూ కలిసిపోయి ఏదీ ఆనదు. పొద్దుగూకాక పల్లె రోడ్డు మీద బండి తోలొద్దని మేం గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఈ రాళ్ళే. రెండోది ట్రాక్టర్లు. పత్తి బోరెలు ట్రాలీ అంచులు దాటి రెండు వైపులా ఉబ్బి ఉంటాయి, వెనక లైటు ఉండదు, ఉన్నా బోరెల చాటున పడుతుంది. సంక్రాంతి చుట్టుపక్కల యాసంగి దమ్ములు మొదలవుతాయి. దమ్ముకు తొడిగిన ఇనుప కేజ్‌వీల్స్‌తోనే పొలం నుంచి రోడ్డెక్కిన ట్రాక్టరు రేగడి మట్టిని ముద్దలు ముద్దలుగా రాలుస్తూ పోతుంది. మంచుకు తడిసిన ఆ మట్టి సబ్బు లాంటిది. భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు అయితే మలుపుల్లో ఇసుక లారీల నుంచి కారిన నీళ్ళు, ఇసుక. తాడ్వాయి అడవిలో చెట్ల నీడన తారు మీది తేమ పదింటి వరకూ ఆరదు. అక్కడ మలుపులో ఎండ పడిన ముక్క నుంచి నీడ పడిన ముక్కలోకి పోయేటప్పుడు వంగి తోలొద్దు.

చలి సంగతి కొంచెమే చెబుతాం. 12 డిగ్రీల పొద్దున 60 వేగంతో పోతే ఒంటికి అది 8 డిగ్రీల్లా తగులుతుంది. ముందుగా మొద్దుబారేది చేతివేళ్ళు. బ్రేకు, క్లచ్చు, ఇండికేటరు అన్నీ వాటి పనే కదా. స్విచ్చు ఒక్కసారికి అందడం లేదంటే బ్రేకు మీద వేలు పడటమూ ఆలస్యమవుతోందని అర్థం. 60 మీద ఒక్క సెకను ఆలస్యమంటే దాదాపు 17 మీటర్లు. ఉన్ని గ్లౌజుల్లోంచి గాలి దూరిపోతుంది. లోపల పలచటి రబ్బరు గ్లౌజు వేసుకొని పైన వేరేది వేసుకుంటే నలభై రూపాయల్లో పని అవుతుంది. స్వెట్టరు ఒక్కటే గాలిని ఆపదు, పైన రెయిన్‌కోటైనా ఉండాలి. స్వెట్టరుకు, రెయిన్‌కోటుకు మధ్య ఛాతీ మీద పాత పేపరు నాలుగు మడతలు పెట్టుకుంటే ఇంకా మంచిది (మీ పత్రికకు చదివాక కూడా విలువ ఉంది). మంకీ క్యాపు మీద హెల్మెట్ పెడితే తల కదిలినప్పుడల్లా హెల్మెట్ వేరుగా కదులుతుంది. పలచటి నూలు టోపీ చాలు. మఫ్లరు కొసలు, వెనక కూర్చున్నవాళ్ళ చున్నీ కొసలు జాకెట్ లోపల ఉండాలి, చైన్‌కు చిక్కితే మెడ మీదకు వస్తుంది. నలభై నిమిషాలకోసారి ఆగండి.

కల్లు సంగతీ చెప్పక తప్పదు. పొద్దున దారి పక్కన లొట్టి కనబడితే వెచ్చబడదామన్న సరదా పుడుతుంది. కల్లు వెచ్చదనం ఇవ్వదు. చర్మం దగ్గరి రక్తనాళాలు విప్పారి ఒంట్లో వేడిని బయటికి వదిలేస్తాయి. వెచ్చగా అనిపిస్తూనే ఒళ్ళు చల్లబడుతుంది. చట్టం ఒప్పుకునే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే. తాగాలనిపిస్తే సీసాలో పోయించుకొని ఇంటికి తెచ్చుకోండి, పులిసినా పర్లేదు.

బండి పని ముందు రోజు సాయంత్రమే కావాలి. చలికి టైర్లలో గాలి తగ్గుతుంది, ఐదారు డిగ్రీలకు ఒక పాయింటు (పీఎస్ఐ) చొప్పున. చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీదో ఉన్న స్టిక్కరు చూసి, ఇంటి దగ్గరి బంకులో, టైరు చల్లగా ఉన్నప్పుడే నింపాలి. డబల్స్ పోతే వెనక టైరుకు స్టిక్కరు మీద వేరే లెక్క ఉంటుంది. ముప్పై కిలోమీటర్లు నడిచి వేడెక్కిన టైరుకు కొలిస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, ఎక్కువుందని గాలి తీసేసేవాళ్ళున్నారు! చైన్‌కు ఆయిలు రాత్రే పెట్టాలి, పొద్దున పెడితే అది వెనక టైరు మీదకు చిమ్ముతుంది. చైన్ కిందకీ మీదకీ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రాన్ని తిప్పుతూ ఎక్కడ బిగువుగా ఉందో అక్కడ కొలవాలి. క్లచ్చు లివరు చివర 10–15 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి.

కిక్కు లేని కొత్త బండ్లకు బ్యాటరీయే ప్రాణం. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 కంటే తక్కువుంటే చలి పొద్దున సెల్ఫ్ మొరాయిస్తుంది. ఇంజెక్షన్ బండికి (కార్బరేటరు లేనిదానికి) తాళం తిప్పాక పెట్రోలు పంపు చప్పుడు ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. ఐదు సెకన్లు మించి నొక్కి పట్టొద్దు, మధ్యలో పదిహేను సెకన్లు ఆపాలి. కార్బరేటరు బండికి చోక్ పెట్టి, ఒకటి రెండు నిమిషాల్లో తీసేయాలి. మరిచిపోతే ప్లగ్గు మసిబారి ములుగు చేరకముందే మిస్సింగ్ మొదలవుతుంది.

వెంట ఉండాల్సింది క్లచ్ వైరు, ప్లగ్గు, ప్లగ్ స్పానరు, ఫ్యూజులు, టార్చి. స్పోకుల చక్రాలుంటే ఎవరి సైజు ట్యూబు వాళ్ళది, టైరు లివర్లు, చేతి పంపు. ట్యూబ్‌లెస్ అయితే పంచరు కిట్టు చాలు. ఫోటో కోసం మట్టిలోకి దింపిన బండికే తుమ్మ ముల్లు గుచ్చుకుంటుంది.

గుంపులో ఐదారు బండ్లకు మించొద్దు. దారి తెలిసినవాడు ముందు, పని తెలిసినవాడు చివర, టూల్స్ కూడా చివరి బండిలోనే. కొత్తవాడు రెండో బండి. వేగం అతనిదే, పెట్రోలు లెక్క చిన్న ట్యాంకు బండిది. ములుగు దాటితే బంకులు పలచన, అక్కడే నింపుకోవాలి. తాడ్వాయి అడవిలో ఫోన్ సిగ్నల్ నమ్మలేం కాబట్టి మలుపు దగ్గర ఒక పద్ధతి పెట్టుకోవాలి: ముందు బండి మళ్ళగానే రెండో బండి అక్కడ ఆగి, చివరి బండి కనబడ్డాకే కదలాలి. సింగిల్ రోడ్డు మీద ఒకరి వెనక ఒకరే. ముందు బండి కరెంటు స్తంభం దాటాక మీరు అక్కడికి చేరడానికి మూడు సెకన్లు పట్టాలి, మంచులో ఐదు. ఎవరైనా పడితే 108కి చెప్పేటప్పుడు ఊరి పేరుతో పాటు కిలోమీటరు రాయి మీది అంకె చెప్పండి. హెల్మెట్‌ను కంగారుగా లాగొద్దు, మెడ విరిగి ఉండొచ్చు.

మీ పత్రికకు ఒక విన్నపం. రోజూ పంచాంగం గడిలో సూర్యోదయం, సూర్యాస్తమయం వేస్తున్నారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జిల్లా పేజీలో దాని పక్కనే ఆ రోజు కనిష్ఠ ఉష్ణోగ్రత, వడ్లు, మక్కలు ఆరబోసిన రోడ్ల పేర్లు రెండు వరుసల్లో వేయండి. మండలాల విలేకరులు ఆ రోడ్ల మీదే తిరుగుతారు కాబట్టి సమాచారం కష్టం కాదు. గ్రామ పంచాయతీలకూ ఒక మాట: ఆరబోయక తప్పకపోతే రోడ్డుకు ఒక్క వైపే పోయించండి, పరదా మీద రాళ్ళకు బదులు ఇసుక నింపిన తెల్ల యూరియా సంచులు పెట్టించండి. సంచి రాత్రి పూట హెడ్‌లైటుకు కనబడుతుంది, తగిలినా చక్రం విరగదు. ఖాళీ సంచులు ప్రతి రైతింట్లో ఉంటాయి.

– హనుమకొండ, వరంగల్ బైకు మెకానిక్‌లు, రైడర్లు కొందరు