బూస్టర్ పెట్టించాక బ్రేకు ఇంకా గట్టిపడింది, పాత జీపులున్నోళ్ళు ఇది చదవండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మాది చోడవరం. మా నాన్నగారి కాలం నాటి మహీంద్రా జీపు ఒకటుంది ఇంట్లో, పాత సీజే-3బీ, వెనక తొట్టి కట్టించి బెల్లం దిమ్మలు, ఎరువు బస్తాలు వేసేవాళ్ళం, ఇప్పటికీ నెలకి రెండు మూడు సార్లు పాడేరు ఘాట్ ఎక్కి దిగుతూనే ఉంటుంది. దాని బ్రేకులతో నేను ఆరు నెలలు పడ్డ అవస్థ రాస్తున్నాను. మా వైపు పాత జీపులకి పవర్ బ్రేకులు, అంటే బూస్టర్ ఉన్న బ్రేకులు పెట్టించుకుంటున్న వాళ్ళు చాలామంది ఉన్నారు, పెట్టించాక బ్రేకు సరిగ్గా పట్టట్లేదని నాతో చెప్పిన వాళ్ళే నలుగురు, ఆ జీపుల్లో మనుషులు ఎక్కుతారు కదా అందుకే ఆగలేక రాస్తున్నాను.

ఈ జీపుకి కంపెనీ ఇచ్చింది నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, బూస్టర్ (పీల్చే బలంతో కాలి తొక్కుడుకి సాయం చేసే రేకు డబ్బా) ఉండదు, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) కాళ్ళ కింద ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. ఇంజన్ కూడా మొదట పెట్రోలే, తర్వాత నాన్నగారు డీజిల్ ఇంజన్ ఎక్కించారు. బ్రేకు బాగానే పట్టేది కానీ కాలితో గట్టిగా తొక్కాలి, నాకు మోకాలు నొప్పి మొదలయ్యాక ఇంక కుదరక ఒక షాపులో ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, వేరే పెద్ద బండి బూస్టరు, దాని మాస్టర్ సిలిండరే పెట్టించాను. ఇరవై రెండు వేలు అయింది.

షాపు బయటికి తీసుకొచ్చిన పది నిమిషాలకే తెలిసిపోయింది, పెడల్ రాయిలా ఉంది. బూస్టర్ లేనప్పుడే నయం అనిపించింది. తిరిగి వెళ్తే బ్రేకు ఆయిల్ పైపుల్లో ఎయిర్ ఉందన్నారు, తీశారు. మళ్ళీ వెళ్తే బూస్టర్ చిన్నది అన్నారు, ఇంకా పెద్దది పెట్టారు, దానికి డబ్బులు వేరే. తేడా లేదు.

చివరికి అనకాపల్లిలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను, బస్సు డిపోలో పనిచేసి రిటైర్ అయిన మెకానిక్. ఆయన పానా కూడా పట్టుకోలేదండి. ఇంజన్ ఆపమన్నారు, పెడల్ ఐదారుసార్లు తొక్కి అలాగే నొక్కిపట్టి ఇప్పుడు స్టార్ట్ చెయ్యి అన్నారు. బూస్టర్ పనిచేస్తుంటే ఇంజన్ అందుకోగానే కాలి కింద పెడల్ కొంచెం దిగాలట. మా జీపులో వెంట్రుకవాసి కూడా దిగలేదు. అప్పుడు బూస్టర్ దగ్గర హోస్ పైపు పీకి, ఇంజన్ నడుస్తుండగా బొటనవేలు పెట్టి చూడమన్నారు. పీల్చడమే లేదు. చిన్న కాగితం ముక్క అడ్డం పెడితే అది కూడా నిలవకుండా కింద పడిపోయింది.

విషయం ఏంటంటే ఆ పైపుని ఇంజన్ ఇంటేక్ మానిఫోల్డ్‌కి, అంటే ఇంజన్ లోపలికి గాలి పోయే గొట్టానికి తగిలించారు. పెట్రోల్ ఇంజన్‌కి అయితే అది కరెక్టే, గాలి దారిలో థ్రాటిల్ రేకు ఉంటుంది కాబట్టి అది మూసుకున్నప్పుడు వెనకాల వాక్యూమ్, అంటే పీల్చే బలం పుడుతుంది, ఐడిలింగ్‌లో పాదరసం లెక్కన 18 నుంచి 20 అంగుళాల దాకా వస్తుంది. ఇలాంటి పాత డీజిల్ ఇంజన్‌కి ఆ రేకే లేదు, గాలి అడ్డు లేకుండా లోపలికి పోతుంది, మరి వాక్యూమ్ ఎక్కడి నుంచి వస్తుంది. అందుకే డీజిల్ బండ్లకి ఆల్టర్నేటర్ వెనకాలో ఇంకోచోటో వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. మా జీపుకి అది లేదు. అంటే నేను ఇరవై రెండు వేలు పోసి ఒక ఖాళీ రేకు డబ్బా పెట్టించుకున్నట్టే.

సరే బూస్టర్ పనిచెయ్యకపోతే పాత బ్రేకు లాగైనా ఉండాలి కదా, అంతకంటే అధ్వానం ఎందుకైంది అని అడిగాను. ఆయన చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. డ్రమ్ములో షూ (లోపలి నుంచి డ్రమ్ముని ఒరుసుకునే బ్రేకు ముక్క) ఒకసారి అంటుకుంటే తిరిగే డ్రమ్మే దాన్ని ఇంకా లోపలికి లాక్కుంటుంది, సగం పని చక్రమే చేసిపెడుతుంది. డిస్కుకి ఆ సాయం ఉండదు, ప్యాడ్‌ని ఎంత నొక్కితే అంతే, కాబట్టి డిస్కుకి ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కావాలి. దానికి తోడు పెద్ద బండి మాస్టర్ సిలిండర్. 25 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) ఉన్న చోట 28ది పెడితే అదే కాలి బలానికి ప్రెషర్ సుమారు 20 శాతం పడిపోతుంది. ప్రెషర్ ఎక్కువ కావాల్సిన చోట తక్కువ చేసి కూర్చున్నాం అన్నమాట.

వెనకాల వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ వేసి, పంపుకి ఇంజన్ ఆయిల్ వచ్చే పైపు, తిరిగి వెళ్ళే పైపు రెండూ కలిపి, గేజి పెట్టి 20 అంగుళాల పైన చూపించాకే బండి ఇచ్చారు. మాస్టర్ సిలిండర్ కూడా చిన్న బోరుది మార్చారు. పెడల్ మెత్తబడింది కానీ ఇప్పుడు స్పాంజిలా కిందికి పోతోంది, రెండోసారి తొక్కితే గానీ పట్టట్లేదు. ఎయిర్ ఎన్నిసార్లు తీసినా అంతే. టార్చి లైటు వేసి ముందు చక్రం వెనకాల చూపించారు, ఎయిర్ తీసే నిపుల్ కాలిపర్‌కి (ప్యాడ్లతో డిస్కుని పట్టే భాగానికి) కింద వైపు ఉంది! కుడివైపుది ఎడమకి, ఎడమవైపుది కుడికి బిగించేశారు. గాలి ఎప్పుడూ పైనే కదా ఉండేది, నిపుల్ కింద ఉంటే పది లీటర్ల ఆయిల్ పోసినా ఆ బుడగ బయటికి రాదు. రెండూ మార్చి బిగించి, దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి ఎయిర్ తీస్తే గంటలో పని అయిపోయింది. వెనక డ్రమ్ముల్లో షూలు కూడా లూజుగా ఉంటే టైట్ చేశారు. మాస్టర్ సిలిండర్ కాలిపర్ల కంటే కిందికి ఉంది కాబట్టి ఆయిల్ వెనక్కి దిగిపోకుండా 2 పీఎస్ఐ వాల్వు (లైన్లో ఆ కాస్త ప్రెషర్ నిలిపి ఉంచేది) ఒకటి డిస్కుల లైన్లో వేశారు, అది లేకపోతే రాత్రి ఆపిన బండికి పొద్దున్నే మొదటి తొక్కు ఖాళీగా పోతుందట.

ఇంకో మాట జీపు డ్రైవర్ తమ్ముళ్ళకి చెప్పాలి. డీజిల్ మిగులుతుందని ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలేస్తారు కొందరు. ఇంజన్ ఆగితే పంపు ఆగిపోతుంది, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరి, మూడోది రాయే. బాబూ దయచేసి గేర్‌లోనే దిగండి.

అధికారులకి కూడా ఒక విన్నపం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. సొంత బండికి 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, ఆ రోజున బ్రేకు బలం కొలిచే రోలర్ మెషీన్ ఉన్న చోటికి పంపించి ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతోందో చూపించి కాగితం మీద ఇవ్వండి. బూస్టర్ బిగించే షాపులోళ్ళు కూడా గేజి పెట్టి వాక్యూమ్ ఎంతుందో బండి ఓనర్‌కి చూపించి పంపాలి, ఆ గేజి ఖరీదు ఏమంత పెద్దది కాదు.

మొన్న పదిహేను బస్తాల పసుపుతో పాడేరు నుంచి దిగాను. మోదకొండమ్మ పాదాల దగ్గర ఆపి కొబ్బరికాయ కొట్టి, ముందు రెండు చక్రాల రిమ్ముల మీద చెయ్యి పెట్టి చూశాను. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి.

ఇట్లు,
ఒక జీపు ఓనర్, చోడవరం