మా అబ్బాయి కన్ను నిలబెట్టిన వారికి

దీపావళి రాత్రికి నేటితో 24 రోజులు. నిన్న జరిగిన పరీక్షలో మా తొమ్మిదేళ్ల అబ్బాయి కుడి కంటితో పట్టికలోని చివరి వరుస తప్ప మిగతా అక్షరాలన్నీ చదివాడు. ఆ మాట చెవిన పడిన తర్వాతే ఇది రాయడానికి నాకు చెయ్యి వచ్చింది. ఫోన్లు చేసినవారికి, ఇంటికి వచ్చి పలకరించినవారికి ఇన్నాళ్లూ సరిగా బదులు చెప్పలేకపోయాను. ఎవరు ఏం చేశారో ఒక్కొక్కటిగా చెప్పి దండం పెట్టుకోవాలని ఉంది.

వాడు కాల్చింది చిచ్చుబుడ్డి. వత్తి అంటుకుని, నాలుగు రవ్వలు చిమ్మి ఆగిపోయింది. ఆరిపోయిందనుకుని వాడు వంగి చూశాడు. అప్పుడు పేలింది. ఆగిపోయిన టపాకాయ జోలికి వెళ్లకూడదని, కాసేపు ఆగి దూరం నుంచే నీళ్లు కుమ్మరించాలని వాడికి చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు. పక్కన నీళ్ల బకెట్ కూడా పెట్టుకోలేదు. పెట్టె మీద హరిత టపాకాయల ముద్ర చూసి భయం లేదనుకున్నాం. పొగలోని ధూళి కణాలు కనీసం 30 శాతం తగ్గేలా వాటిని తయారు చేస్తారు, నిజమే. లోపలున్నది మాత్రం మందే.

వాడి కేక విని అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చినవారు ఎదురింటి పిన్నిగారు. ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆ నిమిషంలో మా ఇంట్లో ఎవరికి తోచింది వారు చేస్తున్నారు. మా అమ్మ కాలిన వేళ్లకు రాయడానికి టూత్‌పేస్టు తెచ్చింది. నేను కంటి మీద నీళ్లు చల్లబోయాను. వాడేమో పిడికిలితో కన్ను నులుముకోబోతున్నాడు. పిన్నిగారు ముందుగా వాడి రెండు చేతులూ పట్టుకున్నారు. తర్వాత మా చేతులు ఆపారు.

"మందు పొడి మాత్రమే పడి ఉంటే నేనే కడిగించేదాన్ని. ఇది గట్టిగా తగిలిన దెబ్బ. లోపల గుడ్డు చిట్లిందో లేదో మనకు తెలియదు. నొక్కవద్దు, తుడవవద్దు, చుక్కలు వేయవద్దు" అన్నారు. శుభ్రమైన కాగితపు కప్పు ఒకటి అడిగి తీసుకుని, దాని అంచు కంటి చుట్టూ ఉన్న ఎముక మీద ఆనేలా పెట్టి, కంటికి ఏదీ తగలకుండా టేపు అంటించారు. వేళ్లు వాచకముందే వాడి వెండి ఉంగరం తీసేశారు. కాలిన వేళ్లను కుళాయి ధార కింద పెట్టించారు. ఇరవై నిమిషాలు అలా నీళ్లు పడాలి, కానీ కంటి కోసం వెంటనే బయలుదేరాలి. అందుకని బిందెతో నీళ్లు ఆటోలోకి ఎక్కించి, దారి పొడవునా చెంబుతో పోస్తూ వచ్చారు. ఐస్ పెట్టనివ్వలేదు. ఏడుపు మాన్పించడానికి మా అమ్మ నోట్లో పెట్టబోయిన లడ్డూ కూడా వద్దన్నారు. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వాలి, కడుపు ఖాళీగా ఉండాలట. ఆ క్షణంలో మాకెవరికీ తట్టని సంగతి అది. పిన్నిగారూ, ఆ పది నిమిషాల్లో మీరు చేసిన పనులు ఎంత విలువైనవో, మీరు చేయనివ్వని పనులు అంతకంటే విలువైనవి. మీ పాదాలకు నమస్కారం.

మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెళ్లాం. దీపావళి రాత్రి అక్కడ కూర్చుని చూసినవారికి పండుగ ఇంకోలా కనిపిస్తుంది. నడవ నిండా కళ్లకు గుడ్డలు అడ్డం పెట్టుకున్న పిల్లలు, పెద్దలు. మా పక్కన కూర్చున్న ఆమె అసలు టపాకాయ ముట్టుకోనేలేదు. వీధిలో నడిచి వెళుతుంటే తారాజువ్వ వచ్చి తగిలిందట. ఆమెకు ఎలా ఉందో తర్వాత తెలుసుకోలేకపోయాను. ఆ దిగులు ఇంకా ఉంది.

పండుగ పూట ఇల్లు వదిలి అక్కడ పనిచేస్తున్న వైద్యులకు, నర్సులకు, స్ట్రెచర్ తోసిన అన్నలకు ఏమని చెప్పను? మావాణ్ణి చూసిన యువ వైద్యురాలు వాడి పేరు అడిగి, ఏ తరగతో అడిగి, బెదురు తగ్గాకే కన్ను పరీక్షించే దీపం ముందు కూర్చోబెట్టారు. గుడ్డు చిట్లలేదు. కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా, గీసుకుపోయింది, కంటి ముందు భాగంలో రక్తం చేరింది. తల ఎత్తుగా పెట్టి కదలకుండా పడుకోవాలని, మొదటి నాలుగైదు రోజుల్లో మళ్లీ రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందని ఆమె మాకు బొమ్మ గీసి వివరించారు. ఇలాంటి దెబ్బ తిన్న కంటిలో ఏళ్లు గడిచాక కూడా నీటికాసులు, అంటే లోపలి ఒత్తిడి పెరిగి చూపు తగ్గించే గ్లకోమా జబ్బు, రావచ్చట, కాబట్టి చూపు బాగున్నా ఏటా కంటి ఒత్తిడి చూపించుకుంటూ ఉండాలి. మందుల చీటీతో పాటు ఆ మాటనూ పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చిన ఆ డాక్టరమ్మకు మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

మా అపార్ట్‌మెంటు పిల్లలకు వేరుగా చెప్పాలి. మిగిలిన టపాకాయలు నాగుల చవితికి కాల్చడం మన ఇళ్లలో మామూలే కదా. ఈసారి పిల్లలందరూ కూడబలుక్కుని బాంబులు, సీమటపాకాయలు పక్కన పెట్టేశారు. మతాబులు, కాకరపువ్వొత్తులు మాత్రమే తెచ్చారు, అదీ మా బాల్కనీకి ఎదురుగా, మావాడికి కనిపించేలా. రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక. అందరూ నూలు బట్టలు, కాళ్లకు బూట్లు. పొడవాటి కర్ర చివర అగరువత్తి కట్టి, ఒక్కో మతాబును నేల మీద నిలబెట్టి పెద్దవాళ్లే వెలిగించారు. వెలుగుతున్న కాకరపువ్వొత్తి కొస వెయ్యి డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆరాక కూడా ఆ తీగ తొక్కితే కాలు బొబ్బలెక్కుతుంది. అందుకని కాలిన తీగ కాలినట్టే నీళ్లలో ముంచుతున్నారు. ఆ చుయ్ చుయ్ శబ్దం వినిపించినప్పుడల్లా మావాడు ఎడమ కన్ను పెద్దది చేసి నవ్వాడు. ప్రమాదం తర్వాత వాడు నవ్వడం అదే మొదలు. పిల్లలూ, మీరు మాకు ఇచ్చింది చిన్నదేమీ కాదు.

ఇక ఆటో అన్నకు. మీ పేరు అడగడం కూడా మరచిపోయాను. ఆ రాత్రి రోడ్డు మీద లడీలు పరుస్తున్న కుర్రాళ్ల దగ్గర మీరు ఆటో ఆపి, దిగి, చేతులు జోడించి దారి అడిగారు. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ పిల్లవాడి తల కదలకూడదని నడక వేగానికి తగ్గించారు. డబ్బులు ఇవ్వబోతే నా చెయ్యి వెనక్కి నెట్టారు. వాడి తల కింద పెట్టిన దిండు మీ ఆటోలో ఉండిపోతే, అర్ధరాత్రి దాటాక మళ్లీ మా ఇంటి దాకా వచ్చి వాచ్‌మన్‌కు ఇచ్చి, "బాబు కన్ను బాగుందా?" అని అడిగి వెళ్లారట. అప్పటికి వాచ్‌మన్‌కూ తెలియదు, మాకూ తెలియదు. బాగుందన్నా. రేపటి నుంచి బడికి వెళుతున్నాడు.